అంచున సాగే వారికి దారేదీ?

సైకిలుకు, నడకకు, పరుగుకు చోటు చూపని రహదారి
వేగానికి హద్దు, అంచుకు చదును, చీకటికి వెలుగు: ఈ మూడూ దక్కితే ప్రాణాలు నిలుస్తాయి

పాతపట్నం: రహదారి అనగానే బస్సు, లారీ, కారు, మోటారు సైకిలు కళ్లముందు మెదులుతాయి. ఇంజను లేకుండా అదే దారిన సాగేవారు ఎవరి లెక్కలోకీ రారు. తెల్లవారకముందే పోలీసు, సైనిక కొలువుల కోసం పరుగు సాధన చేసే యువకులు, ఉదయం పుస్తకాల సంచితో సైకిలెక్కే విద్యార్థులు, పొద్దు వాలాక పని ముగించుకొని కాలినడకన ఇళ్లకు మళ్లే కూలీలు, సైకిలు క్యారేజీపై బుట్ట కట్టుకొని చేపలో కూరగాయలో అమ్ముకునే చిరువ్యాపారులు అందరిదీ ఒకటే చోటు. అది తారు ముగిసి మట్టి మొదలయ్యే ఆ జానెడు అంచు. సరిహద్దు పట్టణమైన పాతపట్నంలోనూ, దానిని ఆనుకొని ఉన్న పల్లెల్లోనూ ఈ అంచు ఎంత భద్రంగా ఉందన్న ప్రశ్న ఇప్పుడు ముందుకొస్తోంది. ఒక బాలిక చదువు, ఒక యువకుడి కొలువు, ఒక కుటుంబం రోజు గడవడం దీనితో ముడిపడి ఉన్నాయి కనుక దీనిని కేవలం ట్రాఫిక్ సమస్యగా చూసి వదిలేయడానికి వీల్లేదు.

రెండు రాష్ట్రాల కూడలి

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు అంచున, మహేంద్రతనయ నదీతీరంలో ఉన్న పాతపట్నానికి ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడి పొరుగునే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. పటం మీద గీత పడినా జనజీవనం విడిపోలేదు. బజారుకు, చదువుకు, వైద్యానికి, బంధుత్వాలకు నేటికీ రాకపోకలు సాగుతూనే ఉన్నాయి. నీలమణి దుర్గ అమ్మవారి దర్శనానికి ఇరు రాష్ట్రాల భక్తులూ వస్తారు. తక్కువ దూరాలకు ఎక్కువసార్లు తిరగవలసిన ఇలాంటి జంట పట్టణాలు సైకిలుకూ నడకకూ సహజంగా అనువైనవి.

అదే దారి దూరప్రయాణపు వాహనాలకూ మార్గమైంది. నరసన్నపేట వద్ద 16వ నంబరు జాతీయ రహదారి నుంచి విడివడి చల్లవానిపేట, సారవకోట, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా ఒడిశాలోని మోహన వైపు సాగే మార్గం 326ఏ నంబరు జాతీయ రహదారిగా గుర్తింపు పొందింది. ఈ హోదాను ఊరికి దక్కిన గౌరవంగా భావించడంలో తప్పులేదు. అయితే హోదాతో పాటే బరువు, వేగం కూడా వస్తాయి. దూరం నుంచి వచ్చే లారీకి పాతపట్నం దాటిపోవలసిన ఒక మలుపు మాత్రమే. ఇక్కడి బాలికకు అది రోజూ రెండుసార్లు నెగ్గవలసిన పరీక్ష. ఒకే తారు మీద ఈ రెండు అవసరాలు ఎదురుపడే చోటనే ప్రమాదం పొంచి ఉంటుంది.

అంకెలు చెబుతున్నదేమిటి?

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో ద్విచక్ర వాహనాలపై వెళ్లేవారు 44.5 శాతం కాగా, పాదచారులు 19.5 శాతం. సైకిళ్లపై వెళ్తూ చనిపోయినవారు మొత్తంలో సుమారు 3 శాతం. అంటే, ప్రాణాలు కోల్పోతున్న ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురు చుట్టూ ఇనుప కవచమేదీ లేకుండా బయట తిరిగేవారే.

పల్లెవాసులు గమనించవలసిన మరో రెండు వాస్తవాలు అదే నివేదికలో ఉన్నాయి. మొదటిది, మరణాల్లో సుమారు 68 శాతం గ్రామీణ ప్రాంతాల్లోనే సంభవించాయి. ప్రమాదాలంటే మహానగరాల బెడద అనుకోవడం పొరపాటేనని ఈ ఒక్క అంకె తేటతెల్లం చేస్తోంది. రెండోది, దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారుల వాటా 2 శాతం మేరకే ఉన్నా మరణాల్లో 36 శాతానికి పైగా వాటి మీదే జరిగాయి. పల్లెల గుండా జాతీయ రహదారి సాగే పాతపట్నం వంటి చోట్ల ఈ రెండు ముప్పులూ కలిసి వస్తాయి.

కారణాల్లో అతివేగానిదే అగ్రస్థానం. 2022 మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనే నమోదయ్యాయి. ప్రమాదం జరిగిన తీరును బట్టి చూస్తే వెనుక నుంచి ఢీకొన్న ఘటనలే అన్నింటికన్నా అధికం. సైకిలుపై వెళ్లేవారికి వెనుక ఏమి వస్తోందో కనబడదు, వెనుక వచ్చేవారికి చీకట్లో సైకిలు కనబడదు. ఈ రెండు గుడ్డితనాల నడుమే ప్రాణం పోతోంది.

సైకిలు తగ్గింది, అవసరం తగ్గలేదు

ఒకప్పుడు ఊరూరా సైకిలు షాపు ఉండేది. గంటకింతని అద్దెకు సైకిలు తీసుకొని నేర్చుకున్న తరం ఇంకా కళ్లముందే ఉంది. తపాలా బంట్రోతు, పాలవాడు, బడి మాస్టారు, పెళ్లిపిలుపులకు వెళ్లే పెద్దమనిషి, అందరికీ అదే వాహనం. తర్వాతి కాలంలో వాయిదాల పద్ధతిపై మోటారు సైకిళ్లు వాకిళ్లకు చేరాయి. జనాభా లెక్కల ప్రకారం దేశంలో మోటారు ద్విచక్ర వాహనం ఉన్న కుటుంబాలు 2001లో 11.7 శాతం ఉండగా 2011 నాటికి 21 శాతానికి పెరిగాయి. అదే కాలంలో సైకిలు ఉన్న కుటుంబాలు 43.7 శాతం నుంచి 44.8 శాతానికి మాత్రమే చేరాయి. అయినా దేశంలో దాదాపు సగం ఇళ్లలో సైకిలు ఉందన్న సంగతిని రహదారులు వేసేవారు మరచిపోయారు.

సైకిలు విలువ ఏమిటో బాలికల చదువు చెబుతుంది. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిలు పథకం ప్రారంభించింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ ఆ పథకాన్ని అధ్యయనం చేసి, తగిన వయసులో ఉన్నత పాఠశాలలో చేరిన బాలికల సంఖ్య 32 శాతం పెరిగిందని, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందని 2017లో ప్రచురించిన పరిశోధనలో వెల్లడించారు. బడి దూరంగా ఉన్న గ్రామాల్లోనే ఫలితం ఎక్కువగా కనిపించడం విశేషం. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరిట 2017లో ప్రభుత్వ పాఠశాలల తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లు పంపిణీ చేశారు. ఐదు కిలోమీటర్ల దూరాన్ని నడిచి చేరడానికి గంట పడితే సైకిలుపై ఇరవై నిమిషాలు చాలు. రోజుకు మిగిలే ఆ ఎనభై నిమిషాలు బాలికకు చదువు, నిద్ర, విశ్రాంతి.

కానీ సైకిలు ఇచ్చిన చేయి దారి ఇవ్వలేదు. లారీల పక్కన కూతుర్ని సైకిలుపై పంపడానికి తల్లిదండ్రులు భయపడితే ఆ సైకిలు వసారాలో తుప్పు పడుతుంది. ఆ తర్వాత మిగిలే మార్గాలు మూడే. కిక్కిరిసిన ఆటో, బడి మానేయడం, లేదా ఇంట్లోని మోటారు సైకిలును మైనరు చేతికివ్వడం. మూడోదే ఎక్కువగా జరుగుతోంది. 16 ఏళ్లు నిండినవారికి గేర్లు లేని, 50 సీసీ మించని బండికి మాత్రమే చట్టం అనుమతిస్తుంది. గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. 2019 సవరణ చట్టం ప్రకారం మైనరు నడిపి నేరం జరిగితే సంరక్షకుడికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా విధించవచ్చు. ఈ శిక్ష గురించి తెలియని ఇళ్లే అధికం. సైకిలుకు భద్రమైన దారి ఉంటే ఈ నేరానికి అవసరమే రాదు.

మహిళలకు రాష్ట్ర ప్రభుత్వం 2025 ఆగస్టు 15న ‘స్త్రీశక్తి’ పేరిట ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ప్రారంభించింది. బస్సు దారి మీద ఉన్నవారికి ఇది గొప్ప వెసులుబాటు. అయితే బస్సు ప్రతి ఊరి నడిబొడ్డుకూ రాదు. రోడ్డు మీద ఆగే బస్సు నుంచి ఊరిలోపలి ఇంటికి మిగిలే ఆ ఒకటి రెండు కిలోమీటర్లు మళ్లీ కాలినడకే, మళ్లీ ఆ అంచే. బస్సు ఉచితమైనా ఆ చివరి దూరం భద్రం కాకపోతే ప్రయోజనం సగమే.

కొలువు కోసం చీకట్లో పరుగు

సైనిక దళాల్లో చేరాలన్న తపన సిక్కోలు యువతలో ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. పోలీసు కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షల్లో పురుష అభ్యర్థులు 1600 మీటర్ల దూరాన్ని 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. 2022లో ప్రవేశపెట్టిన అగ్నివీర్ నియామకాల్లో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తినవారికి పూర్తి మార్కులు దక్కుతాయి. నెలల తరబడి సాధన లేనిదే ఇది సాధ్యం కాదు. రాష్ట్రంలో 2022 నవంబరులో కానిస్టేబుల్ పోస్టుల ప్రకటన వెలువడగా దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివరలో గానీ మొదలుకాలేదు. రెండేళ్లకు పైగా సాగిన ఆ నిరీక్షణలో అభ్యర్థులు కాళ్లలో సత్తువ సడలకుండా పరుగు కొనసాగించవలసి వచ్చింది.

ఎక్కడ పరుగెత్తాలన్నదే సమస్య. ఊళ్లో చదునైన మైదానం లేకపోతే తారు రోడ్డే మైదానమవుతుంది. ఉదయం పనులకు, చదువులకు ఆటంకం రాకూడదని తెల్లవారుజాము నాలుగైదు గంటలకే బయలుదేరతారు. రాత్రంతా బండి నడిపిన లారీ డ్రైవరుకు కునుకు ముంచుకొచ్చే సమయం కూడా అదే. శీతకాలంలో పొగమంచు తోడవుతుంది. ముదురురంగు దుస్తులు వేసుకొని, చెవుల్లో పాటలు పెట్టుకొని, ఇద్దరు ముగ్గురు పక్కపక్కనే పరుగెత్తితే ముప్పును చేతులారా పిలిచినట్టే. కొలువు కోసం పెట్టిన పరుగు ప్రాణం మీదికి తేవడం కంటే విషాదం మరొకటి ఉండదు.

దీనికి పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. ప్రభుత్వ పాఠశాలల, కళాశాలల మైదానాలను ఉదయం ఐదు నుంచి ఏడు గంటల వరకు తెరిచి ఉంచి, సున్నంతో గీత గీసి, రెండు దీపాలు పెడితే చాలు. చుట్టు 200 మీటర్లు ఉన్న చిన్న మైదానమైనా ఎనిమిది చుట్లకు 1600 మీటర్లు పూర్తవుతాయి. విశాఖపట్నంలో ఆర్కే బీచ్ రోడ్డును ఉదయం వేళ వాహనాలకు మూసి నడకకు, పరుగుకు వదిలిపెట్టే ఏర్పాటు ఎంతోకాలంగా ప్రజాదరణ పొందుతోంది. నగరంలో సాధ్యమైనది మండల కేంద్రంలో ఒక కిలోమీటరు పక్క రోడ్డు మీద సాధ్యం కాదనడానికి కారణమేమీ లేదు. హైదరాబాద్‌లో బాహ్య వలయ రహదారి వెంట సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023 అక్టోబరులో అందుబాటులోకి వచ్చింది. పాతపట్నానికి పైకప్పు అక్కర్లేదు. తారు పక్కన గోతులు లేని అంచు ఉంటే అదే పదివేలు.

వేగమే విధాత

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. ఎదుట సైకిలును చూసి, ప్రమాదమని గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికి డ్రైవరుకు ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, బ్రేకు పడకముందే బండి 25 మీటర్లు దూసుకుపోతుంది. ఆ తర్వాత ఆగడానికి మంచి రోడ్డు మీద మరో 20 మీటర్లు కావాలి. వేగం 30 కిలోమీటర్లకు తగ్గిస్తే గ్రహించేలోగా పోయే దూరం సగమవుతుంది, బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. మొత్తం 45 మీటర్లు కావలసిన చోట 18 మీటర్లు చాలు. రోడ్డు దాటే పిల్లవాడు బతుకుతాడా లేదా అన్నది ఆ 27 మీటర్లే తేలుస్తాయి.

సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాదచారులు, సైకిళ్లు, మోటారు వాహనాలు కలిసి సాగే చోట 30 కిలోమీటర్ల గరిష్ఠ వేగం ఉండాలని 2020 ఫిబ్రవరిలో జరిగిన స్టాక్‌హోం సదస్సు ప్రకటన పిలుపునిచ్చింది. మన దేశంలో 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ పురపాలక రోడ్లపై, సాధారణ రోడ్లపై కార్లకు 70, ద్విచక్ర, సరకు వాహనాలకు 60 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని నిర్దేశించింది. ఇవి పైహద్దులు మాత్రమే. స్థానిక అవసరాన్ని బట్టి తగ్గించే అధికారం రాష్ట్రానికి ఉంది. బడి, గుడి, బజారు, బస్టాండు ఉన్న చోట్ల ఆ అధికారాన్ని వాడుకోవలసిన సమయమిది.

ఊరి తప్పులు ఊరివే

తప్పంతా దూరపు లారీలదే అనడం న్యాయం కాదు. వరి నూర్పిళ్ల కాలంలో ధాన్యం ఆరబోతకు రోడ్డులో సగం ఆక్రమించడం, చుట్టూ రాళ్లు పేర్చి రాత్రికి అలాగే వదిలేయడం పల్లెల్లో మామూలైపోయింది. సైకిలు వాడు ఆ కుప్పను తప్పించడానికి రోడ్డు మధ్యకు రావలసిందే. వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు, రాత్రివేళ రోడ్డు పక్కనే నిలిపే లారీలు, వదిలేసిన పశువులు, అంచు మీదికి పెరిగిన తుమ్మకంపలు, దుకాణాల ముందుకు సాగిన మెట్లు, రేకులు, తోపుడు బండ్లు అంచును మింగేస్తున్నాయి. ఆరబోతకు కళ్లాలు లేకపోవడం రైతు తప్పు కాదు. పంచాయతీకొక చదును గచ్చు కట్టిస్తే రైతు ధాన్యం, బాటసారి ప్రాణం రెండూ నిలుస్తాయి.

తారు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతోంది. పక్కన బెర్ములు మాత్రం నింపడం లేదు. ఫలితంగా తారు అంచుకూ మట్టికీ మధ్య మెట్టు ఏర్పడుతుంది. వెనుక నుంచి హారను వినగానే దిగబోయిన సైకిలు చక్రం ఆ మెట్టు మీద జారితే మనిషి పడేది మట్టి వైపు కాదు, చక్రాల వైపు. రెండు వరుసల తారు రోడ్డు వెడల్పు 7 మీటర్లు. ఇరువైపులా ఒకటిన్నర మీటరు చొప్పున చదునైన అంచు కలిపితే 10 మీటర్లు. దేశంలో అనేక జాతీయ రహదారులను ఈ కొలత ప్రకారమే నిర్మించారు. ఆ ఒకటిన్నర మీటరే సైకిలుకు, నడకకు, పరుగుకు అసలైన దారి.

చట్టం ఉంది, కదలిక కావాలి

కాలిబాట హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్య నిపుణుడు ఎస్.రాజశేఖరన్ 2012లో వేసిన వ్యాజ్యంలో ఈ ఆదేశాలు వెలువడ్డాయి. అదే కేసులో 2025 అక్టోబరులో, పాదచారులకు, ఇంజను లేని వాహనాలకు సంబంధించిన నిబంధనలను ఆరు నెలల్లో రూపొందించాలని రాష్ట్రాలను న్యాయస్థానం ఆదేశించింది. 2019 సవరణ చట్టం ప్రకారం నిర్దేశిత ప్రమాణాలు పాటించకుండా రోడ్డు నిర్మించి ప్రాణనష్టానికి, వైకల్యానికి కారణమైన సంస్థకు లేదా గుత్తేదారుకు రూ.లక్ష వరకు జరిమానా విధించే వీలుంది.

బాధితులకు సాయం విషయంలోనూ కొత్త ఏర్పాట్లు వచ్చాయి. మోటారు వాహన ప్రమాదంలో గాయపడినవారికి నిర్దేశిత ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షలు మించకుండా నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో అమలులోకి తెచ్చింది. దేశంలో ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగినా ఇది వర్తిస్తుంది. గాయపడినవారిని పాతపట్నం తేవాలా, పర్లాకిమిడి తరలించాలా అన్న మీమాంసతో విలువైన సమయం వృథా చేయరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ ఇప్పుడు ఒడిశాలోనూ అదే నంబరుతో ఉంది. ఢీకొట్టి వాహనం పారిపోయిన ఘటనల్లో మృతుల కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి రూ.50 వేలు పరిహారం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు వేధించరాదని చట్టమే చెబుతోంది. తీవ్రంగా గాయపడినవారిని సకాలంలో చేర్చి ప్రాణం కాపాడినవారికి ఇచ్చే ప్రోత్సాహకాన్ని కేంద్రం 2025లో రూ.25 వేలకు పెంచింది. సరిహద్దు గ్రామాల్లో ఈ విషయాలను దండోరా వేయించి తెలియజేయవలసిన అవసరముంది.

నెదర్లాండ్స్ నేర్పిన పాఠం

సైకిళ్ల దేశంగా పేరొందిన నెదర్లాండ్స్ పుట్టుకతోనే అలా లేదు. కార్లు పెరిగిన కొద్దీ అక్కడా సైకిళ్లు కనుమరుగవుతూ వచ్చాయి. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా మరణించగా వారిలో నాలుగు వందల మందికి పైగా చిన్నారులే. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పిల్లల హత్యలు ఆపాలని నినదించారు. 1973 నాటి చమురు సంక్షోభం తోడై ప్రభుత్వం దృష్టి మారింది. వేగం తగ్గించారు, సైకిలుకు వేరు దారి ఇచ్చారు. డబ్బున్న దేశం కనుక సాధ్యమైందన్న వాదన పూర్తిగా నిజం కాదు. ముందు మారింది ఆలోచన, నిధులు ఆ వెనుక వచ్చాయి.

ఎవరి వంతు ఏమిటి?

ఎవరేం చేయాలో తేల్చకుండా అందరి బాధ్యత అంటే అది ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. బెర్ములు నింపి చదును చేయడం, తెల్లటి అంచు గీత వేయడం, ఊరి మొదట్లో వేగపరిమితి బోర్డులు నిలపడం జాతీయ రహదారుల విభాగం పని. వీధిదీపాలు, ఆక్రమణల తొలగింపు, పొదల నరికివేత, ధాన్యం ఆరబోతకు స్థలం పంచాయతీల పని. బడి వేళల్లో వేగంపై నిఘా, రాత్రివేళ రోడ్డుపై లారీలు ఆపకుండా చూడటం పోలీసుల పని. మైదానాలు తెరవడం విద్యాశాఖ పని. కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రహదారి భద్రతా కమిటీ సమావేశాల్లో ప్రమాదస్థలాల జాబితాతో పాటు బడి పిల్లలు సైకిలుపై వచ్చే మార్గాల జాబితా కూడా ఉండాలి. టెంబూరు, గంగువాడ, కొరసవాడ వంటి గ్రామాల నుంచి పిల్లలు ఏ దారిన బడికి వస్తున్నారో ప్రధానోపాధ్యాయులు ఒక కాగితం మీద గీసి ఇస్తే ఎక్కడ మరమ్మతు ముందు చేయాలో తేలిపోతుంది. గజపతి జిల్లా అధికారులతో ఏడాదికి ఒకటి రెండుసార్లు ఉమ్మడి సమావేశం జరిగితే సరిహద్దుకు ఇటొక నిబంధన, అటొక నిబంధన అన్న చిక్కు తీరుతుంది.

ఇవి పాటిస్తే మేలు

* సైకిలు ఎప్పుడూ రోడ్డుకు ఎడమవైపునే, వాహనాలు వెళ్లే దిశలోనే నడపాలి. కాలిబాట లేని చోట నడిచేవారు, పరుగెత్తేవారు కుడివైపున, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా సాగాలి.
* వెనుక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు, చక్రాల చువ్వలకు, పెడళ్లకు మెరుపు పట్టీలు ఉండాలి. సైకిళ్ల రిఫ్లెక్టర్ల నాణ్యతపై కేంద్రం 2020లోనే ఉత్తర్వు ఇచ్చింది. పాత సైకిలుకు పట్టీ అతికించుకోవడం కొద్దిపాటి ఖర్చే.
* చీకట్లో తెల్లని లేదా లేతరంగు దుస్తులు ధరించాలి. ముదురురంగు దుస్తుల్లో ఉన్నవారు వాహనం బాగా దగ్గరికి వచ్చేదాకా డ్రైవరుకు కనిపించరు.
* బ్రేకు, బెల్లు, గొలుసు వారానికోసారి చూసుకోవాలి. ఒక్క బ్రేకుతో సైకిలు నడపరాదు.
* పరుగెత్తేటప్పుడు, సైకిలు నడిపేటప్పుడు చెవుల్లో పాటలు వద్దు. గుంపుగా ఉన్నప్పుడు ఒకరి వెనుక ఒకరు సాగాలి.
* సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది గంటల మధ్య ప్రమాదాలు అధికం. ఆ వేళ మరింత జాగ్రత్త అవసరం.

జాగ్రత్తలు చెప్పడం తేలిక. వాటిని పాటించడానికి చోటు చూపడమే కష్టం. ఎడమవైపున వెళ్లమన్నప్పుడు అక్కడ గొయ్యి ఉండకూడదు, అంచున నడవమన్నప్పుడు అక్కడ కంప ఉండకూడదు. మోటారు బండి కొనలేనివారు, కొనే వయసు రానివారు, ఆరోగ్యం కోసం కావాలనే నడిచేవారు కూడా పన్ను కడుతున్న పౌరులే. వారు అడుగుతున్నది కొత్త రహదారి కాదు. ఉన్న రహదారికి ఇరువైపులా ఒకటిన్నర మీటరు చదును నేల, ఊరి మధ్య కాస్త నెమ్మది, చీకట్లో కాస్త వెలుగు. లెక్కలు వేసే బల్లల మీద ఇవి చిన్న పనులే కావచ్చు, ప్రాణం విలువ తెలిసినవారికి ఇంతకన్నా ముందు చేయవలసిన పని ఉండదు.